ఏడో వార్డులో గురువారం

పాండురంగానికి ముప్పై ఏళ్లుగా ఒక సందేహం ఉంది. సోమవారం శివుడిది. మంగళవారం ఆంజనేయస్వామిది. బుధవారం వినాయకుడిది, గురువారం బాబాది, శుక్రవారం అమ్మవారిది, శనివారం వెంకన్నది, ఆదివారం సూర్యనారాయణమూర్తిది. ఇంతవరకూ బాగానే ఉంది. మరి శివుడు చూడాల్సిన కష్టం బుధవారం నాడు వచ్చిపడితే మనిషి ఎవరి గుమ్మం తొక్కాలి? సోమవారం దాకా కష్టాన్ని ఇంట్లో కూర్చోబెట్టుకోవాలా, లేక దొరికిన దేవుడికి చెప్పేసుకోవచ్చా?

ఒకసారి గుళ్లో పూజారిగారిని అడిగాడు.

"భక్తి ఉంటే అన్ని రోజులూ ఆయనవేనయ్యా" అన్నారు పూజారిగారు.

"మరి సోమవారం తప్ప అభిషేకం టిక్కెట్టు ఇవ్వరేంటండీ?"

పూజారిగారు అతని చేతిలో తీర్థం పోసి, వెనకాల ఉన్నావిడని ముందుకు రమ్మన్నారు.

ఇంటికొచ్చి భార్య కనకరత్నాన్ని అడిగితే ఆవిడ, "మరలో గింజలైపోయాయి, రాళ్లు రాసుకుంటున్నాయి. ముందది చూడండి" అంది.

పాండురంగానిది పిండిమర. కొత్తరేవు ఊళ్లో ఏడో వార్డు, కాలవగట్టు వీధి. కొత్తరేవు ఐదేళ్ల కిందట పట్టణం నుంచి నగరమైంది. ఆ సంగతి ఊరి మొదట్లో బోర్డు మీద రాశారు, పేపర్లో వేయించారు. సముద్రానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది మునుపటిలాగే అమావాస్యకీ పౌర్ణమికీ పోటెక్కి, పెద్దకాలవలోంచి ఎదురు నడిచి ఊళ్లోకి వచ్చే ప్రయత్నం చేస్తూనే ఉంది. కాలవ మీద ఇనప షట్టరు ఒకటుంది. పోటుకు ముందు దాన్ని దించితే సముద్రం అవతలే ఆగిపోతుంది. పోటు తీశాక ఎత్తితే ఊరి మురుగు బయటికి పోతుంది. ఈ దించడం, ఎత్తడం లస్కరు సత్తియ్య పని. ఇరవై రెండేళ్లుగా అతను చూసుకుంటున్నది ఆకాశంలో చంద్రుణ్ణి, కాలవలో నీళ్లని.

సత్తియ్య వీధిలో వెళుతుంటే పాండురంగం తల పైకెత్తడు. తొమ్మిదేళ్ల కిందట దసరా ముందురోజు మర చక్రం నట్టు బిగుసుకుపోతే, అటుగా పోతున్న సత్తియ్య భుజం మీది పెద్ద పానా అడిగి తీసుకున్నాడు. మూరెడు పొడవు, మంచి ఉక్కు, సత్తియ్య సొంతది. "సాయంత్రానికి ఇచ్చేస్తాను" అన్నాడు. మర్నాడు పూజలో మరతో పాటు పానాకి కూడా బొట్టు పెట్టేశాడు. బొట్టు పెట్టిన వస్తువు వెంటనే ఎలా ఇస్తామని రెండు రోజులు ఆగాడు. తర్వాత బెల్టు వదులైంది. తర్వాత ఇవ్వడానికి సిగ్గేసింది. సత్తియ్య అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఇలా ఉండగా నగరానికి కొత్త కమిషనర్‌గారు వచ్చారు. వచ్చిన మూడో రోజున తనిఖీకి బయలుదేరి, మార్కెట్టు దగ్గర ఒకే గోతి చుట్టూ నాలుగు శాఖల వాళ్లు నిలబడి ఉండటం చూశారు. నీళ్ల శాఖ దాన్ని తవ్వుతోంది. రోడ్ల శాఖ పూడుస్తోంది. దీపాల శాఖ స్తంభం పాతడానికి ఆ గొయ్యి తనకు కావాలంటోంది. చెత్త శాఖ వాళ్లు బండి పక్కన పెట్టుకుని ఆ ముగ్గురూ ఎప్పుడు వెళతారా అని చూస్తున్నారు. కమిషనర్‌గారు చాలాసేపు ఆ గోతిలోకి చూసి, ఆలోచిస్తూ కారెక్కారు.

మరుసటి వారం ప్రతి వీధి మొదట్లోనూ ఒక బోర్డు వెలిసింది.

"నగరపాలక సంస్థలోని ప్రతి శాఖయు వారములో తనకు కేటాయించిన ఒక్క దినము మాత్రమే పని చేయవలెను. మిగిలిన ఆరు దినములు సదరు పనిపై నివేదిక తయారు చేయవలెను. సోమవారము నీళ్లు, మంగళవారము వీధిదీపాలు, బుధవారము రోడ్లు, గురువారము కాలవలు, శుక్రవారము చెత్త, శనివారము జనన మరణాలు, ఆదివారము కుక్కలు మరియు దోమలు. సమస్యలు ఆయా శాఖల దినములందే తలెత్తునట్లు పౌరులు తగు జాగ్రత్త వహించవలెను."

పాండురంగం ఆ బోర్డు రెండుసార్లు చదివాడు. ఒళ్లు పులకరించింది. ఇంట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి బోర్డుకి బొట్టు పెట్టాడు.

"పైవాళ్లు ఎలా పంచుకున్నారో ఈయన కింద అలాగే పంచారు" అన్నాడు భార్యతో. "మామూలు మనిషి కాదు."

"బుధవారం కుళాయి పైపు పగిలితే?"

"సోమవారం దాకా ఓపిక పట్టాలి. అదే మరి భక్తంటే."

పైపు నిజంగానే బుధవారం పగిలింది. రోడ్ల శాఖ వాళ్లు వచ్చి, గొయ్యి తమదే కానీ అందులో నీళ్లు తమవి కావని తేల్చి, నీళ్ల చుట్టూ జాగ్రత్తగా తారు వేసి వెళ్లారు. సోమవారం నీళ్ల శాఖ వచ్చింది. అప్పటికి వీధి మధ్యలో ఫౌంటెన్ ఒకటి చక్కగా తయారై ఉంది. పైపు పగిలినట్టు ఆనవాళ్లు లేవనీ, సుందరీకరణ బాగుందనీ రాసుకుపోయారు.

ఆ వీధిలోనే శేషగిరి మాస్టారు మంగళవారం నాడు కాలం చేశారు. ఆయన కొడుకు మరణ ధ్రువపత్రం కోసం ఆఫీసుకి వెళితే, భుజంగరావుగారనే అధికారి ఎదురయ్యారు. ఈ కొత్త పద్ధతి నడిపించడానికి వార సమన్వయాధికారి అనే ఉద్యోగం సృష్టించి ఆయన్ని కూర్చోబెట్టారు. ఆయన మంచివాడే. ఎదుటివాడి బాధ వింటూ తల ఊపుతారు కూడా.

"చాలా విచారకరం" అన్నారు భుజంగరావుగారు. "కానీ మరణాలు శనివారం కదా. మీ నాన్నగారు తొందరపడ్డారు."

మాస్టారు శనివారం పోయినట్టు రాసుకున్నారు. దాంతో మంగళవారం నుంచి శనివారం దాకా ఆయన కాగితాల మీద సజీవంగా ఉండి, శుక్రవారం నాడు చెత్తబుట్ట గుమ్మంలో పెట్టనందుకు నోటీసు అందుకున్నారు. పదకొండో రోజు ఎప్పుడో తేలక పురోహితుడు స్పష్టత కోరుతూ నగరపాలక సంస్థకు అర్జీ పెట్టుకున్నాడు.

పద్ధతి మాత్రం గొప్ప ఫలితాలిచ్చింది. వారానికి నాలుగు వందల పైచిలుకు వచ్చే ఫిర్యాదులు తొమ్మిదికి దిగాయి. ఆ తొమ్మిదిమందీ ఆదివారం నాడే కుక్క కరిచిన అదృష్టవంతులు. రాజధానికి పిలిచి కమిషనర్‌గారికి శాలువా కప్పారు.

దీపావళి అమావాస్య సోమవారం వచ్చింది. సత్తియ్య ఎప్పటిలాగే పొద్దున్నే షట్టరు దించి, పోటు తీశాక ఎత్తేశాడు. మధ్యాహ్నానికి అతన్ని భుజంగరావుగారు పిలిపించారు.

"ఈ రోజు ఏ శాఖది?"

"నాకేం తెల్సండి. పోటొచ్చే రోజు."

"నీళ్ల శాఖది. నువ్వు కాలవల శాఖ. నీది గురువారం. నీది కాని దినమున నువ్వు షట్టరు దించావు."

"దింపకపోతే సముద్రం వచ్చేద్దండి."

"సముద్రం రావడం సముద్రం తప్పు. నువ్వు దించడం నీ తప్పు. మన పరిధిలోకి వచ్చేది రెండోదే."

అతనికి మెమో ఇచ్చి, షట్టరు తిప్పే హ్యాండిల్ తీసుకుని, సీలు వేసి ఆఫీసు స్టోరులో పెట్టేశారు.

సాయంత్రం సత్తియ్య ఉత్త చేతుల్తో వీధిలో నడిచొస్తుంటే, పాండురంగం ఈసారి తల దించుకోలేకపోయాడు. పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు. సంగతి విన్నాడు.

"పౌర్ణమెప్పుడండి?" అడిగాడు సత్తియ్య.

పాండురంగం కేలెండరు చూశాడు. కార్తీక పౌర్ణమి. మంగళవారం.

"దీపాలోళ్ల రోజు" అన్నాడు సత్తియ్య. "ఏడాదిలో పెద్ద పోటు అదేనండి. పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా మీ మోటారు గుంటలో చేపలు తిరుగుతాయి."

పాండురంగం వెనక్కి తిరిగి మర వైపు చూశాడు. మర మోటారు నేల మట్టానికి కింద, మోకాలి లోతు గుంటలో సిమెంటుతో పాతేసి ఉంది. పైకి తీయాలంటే గోడ పగలగొట్టాలి. ఉప్పునీళ్లు ఒక్కసారి తాగిందంటే అది మళ్లీ తిరగదు. మోటారు లేకపోతే మర లేదు. మర లేకపోతే యాభై ఎనిమిదేళ్ల మనిషికి వచ్చిన పని ఇంకొకటి లేదు.

మర్నాడే ఆఫీసుకి వెళ్లాడు.

భుజంగరావుగారు అంతా విని తల ఊపారు. "మీ ఆవేదన అర్థమైంది. పోటును గురువారానికి మార్చుకోవడంలో ఇబ్బందేమిటి?"

"అది తిథిని బట్టి వస్తుందండి. వారాన్ని బట్టి రాదు."

"తిథి మా రికార్డుల్లో లేదే." ఆయన బల్ల మీది పట్టిక పైనుంచి కిందదాకా వేలితో వెతికారు. "లేదు. అయితే ఆ సముద్రానికి ఇంతవరకు మన పద్ధతి గురించి లిఖితపూర్వకంగా తెలియజేశామా?"

తెలియజేయలేదని గుమాస్తా ఒప్పుకున్నాడు.

"అదీ లోపం. చెప్పకుండా తప్పు పట్టడం ధర్మం కాదు" అన్నారు భుజంగరావుగారు.

ఆ సాయంత్రమే ఇసకలో కర్ర పాతి నోటీసు అంటించారు. నగర పరిధిలోనికి ప్రవేశించదలచిన జలములు గురువారము నాడు మాత్రమే ప్రవేశించవలెననీ, అభ్యంతరములున్నచో ఏడు దినములలోగా తెలుపుకొనవలెననీ అందులో ఉంది. నోటీసు అంటించిన బంట్రోతు ఒక గంట కూర్చుని చూశాడు. ఒక అల వచ్చి కర్రతో సహా పట్టుకుపోయింది. "స్వయముగా అందుకొన్నది" అని రాసుకుని ఇంటికి పోయాడు.

ఏడు రోజులైంది. అభ్యంతరాలేమీ రాలేదు.

పాండురంగం మళ్లీ వెళ్లి బల్ల ముందు నిలబడ్డాడు. "అయ్యా, అది వస్తుందండి. నేను ఆ కాలవ పక్కన పుట్టినవాణ్ణి. నోటీసు చదువుకుని ఆగే రకం కాదు. ఒక్క పూట మా సత్తియ్యకి హ్యాండిల్ ఇప్పించండి."

"నియమం తప్పమంటారా?"

"మీరు తప్పొద్దండి. ఏదో ఒక దారి చూడండి."

దారి చూడమనడమే పొరపాటైంది. భుజంగరావుగారు కమిషనర్‌గారి గదిలోకి వెళ్లి రెండు గంటలు ఉన్నారు. బయటికి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఇక మీరు నిశ్చింతగా ఉండండి. సముద్రం మొండికేసిన దృష్ట్యా మనమే ఒక మెట్టు దిగాం. రాబోయే మంగళవారాన్ని, ఏడో వార్డు వరకు, గురువారంగా ప్రకటిస్తున్నాం."

పాండురంగం ఇంటికొచ్చి చెబితే కనకరత్నం చేతిలో చాట కింద పెట్టేసింది.

"ఆ మంగళవారం గురువారమైతే, మర్నాడేంటి?"

"శుక్రవారం. గురువారం తర్వాత శుక్రవారమే రావాలట. చెత్త శాఖ పట్టుబట్టింది."

"అయితే మనం ఊరి కంటే రెండ్రోజులు ముందుంటాం."

"ఆయ్."

"మా అక్కా వాళ్లు రోడ్డవతల ఎనిమిదో వార్డు. నా గురువారం ఒంటిపూట ఎప్పుడుండను?"

పాండురంగం ఆలోచించాడు. "రెండు గురువారాలూ ఉండు. పోయేదేముంది."

"మీరుండండి" అంది కనకరత్నం.

మంగళవారం తెల్లారేసరికి ఏడో వార్డులో గురువారమైంది. మంగళవారం ఎప్పుడూ తీయని మంగలిషాపు తెరుచుకుంది. ఎనిమిదో వార్డు మగవాళ్లు మాసిన గడ్డాలతో రోడ్డు దాటి గురువారంలోకి వచ్చి, గీయించుకుని, తిరిగి మంగళవారంలోకి వెళ్లిపోయారు. ఇటువైపు కోడిమాంసం కొట్టు దగ్గర ఈగలు కూడా లేవు. కొట్టు గఫూర్ సాయిబు తన మొద్దుని రోడ్డుకి అవతల పక్కకి జరుపుకుని కూర్చున్నాడు. ఏడో వార్డు వాళ్లు కొందరు అటూ ఇటూ చూసి రోడ్డు దాటారు.

ఎనిమిదింటికి భుజంగరావుగారు కాలవ దగ్గరికి వచ్చారు. వెంట ఫొటోగ్రాఫరు, ఒక పూలదండ. మొట్టమొదటి ప్రత్యేక గురువారం కదా. షట్టరుకి దండ వేశారు. సత్తియ్యని పక్కన నిలబెట్టారు.

"కానివ్వు. ఇవాళ నీ రోజే. సగర్వంగా దించు."

"హ్యాండిలేదండి?" అన్నాడు సత్తియ్య.

భుజంగరావుగారు ఫోను తీసి స్టోర్‌కీపర్‌ని పిలిచారు. అందరికీ వినబడేలా పెట్టారు.

"హ్యాండిల్ వెంటనే పంపండి."

"వీల్లేదండి" అంది ఫోను. "కాలవల శాఖ సామాను గురువారం తప్ప ఇవ్వకూడదు."

"ఇవాళ గురువారమే."

"మీ దగ్గరండి. స్టోరున్నది ఒకటో వార్డు. ఇక్కడ మంగళవారం. మా గురువారం రాగానే మీ గురువారానికి పంపించేస్తాను."

భుజంగరావుగారు ఫోను పెట్టేశారు. పాండురంగం ఆయన మొహంలో కంగారు వెతికాడు. కనిపించింది కంగారు కాదు, తృప్తి.

"నియమాన్ని ఎంత బాగా వంటబట్టించుకున్నాడో చూశారా" అన్నారాయన. "అది రాసింది నేనే."

అప్పటికే నీళ్లు తిరగబడ్డాయి. తెల్లవారుజామున ఆడవాళ్లు కాలవలో అరటిదొప్పల మీద వదిలిన కార్తీక దీపాలు సముద్రం దాకా వెళ్లినట్టే వెళ్లి, పోటుతో పాటు వరసగా వెనక్కి వస్తున్నాయి. కొన్ని ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. షట్టరు కింద నుంచి దూరి, గట్టు పొర్లి, కాలవగట్టు వీధిలోకి వచ్చి ఎవరి గుమ్మాల ముందు వాళ్లవి ఆగుతున్నాయి. కనకరత్నం మర మెట్టు మీద నిలబడి తన దొప్పని గుర్తుపట్టింది.

"ఏవండీ" అని కేక వేసింది గట్టు మీదున్న భర్తని. "నేను వదిలింది నాకే వచ్చేసింది."

పాండురంగం చేతులు జోడించాడు. జోడించాక ఆగిపోయాడు. ఇవాళ మంగళవారమైతే ఆంజనేయస్వామిని పిలవాలి. గురువారమైతే బాబాని. కార్తీక పౌర్ణమి ఏ రోజు వచ్చినా శివుడిదే. అంతమందిలో ఎవరి పరిధో తేల్చుకునేలోగా నీళ్లు మర మొదటి మెట్టు దాటి రెండో మెట్టు తడిపాయి. మూడో మెట్టు ఎక్కితే లోపల గుంటే.

సత్తియ్య మాత్రం షట్టరు పైకెక్కి, హ్యాండిల్ తగిలించే మరమేకు తలని రెండు చేతుల్తో పట్టుకుని తిప్పుతున్నాడు. అరచేతులు చీరుకుపోతున్నాయి గానీ అది కదలడం లేదు. పాండురంగం వైపు చూడలేదు. నీళ్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా అన్నాడు.

"పానా ఏదైనా ఉంటే తిరుగుద్దండి."

పాండురంగం పంచె పైకి కట్టి పరిగెత్తాడు. మోకాళ్ల లోతు నీళ్లలో, దీపాలని పక్కకి నెట్టుకుంటూ మరలోకి వెళ్లి, చక్రం వెనక మేకుకి వేలాడుతున్న పానా తీశాడు. తొమ్మిదేళ్ల దసరా బొట్లు దానిమీద ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉన్నాయి. పిండి కొట్టుకుని తెల్లగా ఉంది. తెచ్చి రెండు చేతుల్తో పైకి అందించాడు. తల మాత్రం పైకెత్తలేదు.

సత్తియ్య దాన్ని తువ్వాలుతో తుడిచి, మేకు తలకి తగిలించి, కాలు తన్ని పట్టి లాగాడు. కిర్రుమంది. మళ్లీ లాగాడు. షట్టరు, మెడలో పూలదండతో సహా, అంగుళం అంగుళం కిందికి దిగింది. అవతల సముద్రం ఇనుముని గట్టిగా రెండుసార్లు కొట్టి ఊరుకుంది. ఇవతల నీళ్లు మూడో మెట్టుకి బెత్తెడు కింద నిలిచిపోయాయి.

"ఆగు" అన్నారు భుజంగరావుగారు. ఆయన బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "అది ఏ సామాను? స్టాకు పుస్తకంలో ఉందా?"

"నాదండి" అన్నాడు సత్తియ్య.

"సొంత పానాతో షట్టరు దించినట్టు రాయడానికి గడి లేదు." ఆయన చాలాసేపు కాగితం తిప్పి చూసి, నిలబడే రాశారు. రాసింది చదివి వినిపించారు. "హ్యాండిల్ జారీ కానందున షట్టరు దించబడలేదు. తత్ఫలితముగా ఏడో వార్డు పూర్తిగా జలమయమైనది."

"మునగలేదు కదండీ" అన్నాడు పాండురంగం.

"మీకు మునగలేదు. రికార్డు ప్రకారం మునిగింది. మీరంతా ముంపు బాధితులు. పులిహోర పొట్లాలు శుక్రవారం అందుతాయి."

"ఏ శుక్రవారమండీ?" అంది మెట్టు మీంచి కనకరత్నం. "రేపొచ్చే మాదా, మీ దగ్గరున్నదా?"

ఉద్యోగంలో చేరాక భుజంగరావుగారికి మొదటిసారి ఒక సందేహం కలిగినట్టుంది. చేతి గడియారం చూసుకున్నారు. అందులో రోజు చూపించే గడి ఉంది. దాన్ని కాసేపు చూసి, కఫ్ కింద దాచుకుని, రోడ్డు దాటి మంగళవారంలోకి వెళ్లిపోయారు.

సత్తియ్య షట్టరు దిగి గట్టు మీద కూర్చుని అరచేతులు ఊదుకుంటున్నాడు. పాండురంగం వచ్చి పక్కన కూర్చున్నాడు. వీధిలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

"నిజం చెప్పు సత్తియ్యా. హ్యాండిల్ రాదని నీకు ముందే తెలుసు కదా. అయినా ఏ రోజనుకుని వచ్చావు, మంగళవారమా, గురువారమా?"

"అదంతా నాకు తెల్దండి. నీళ్లొత్తాయని వచ్చేను."

పాండురంగం ఆ మాటని నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. పూజారిగారిని అడిగిన ప్రశ్నకి ఇదే జవాబేమోనని తోచింది. కాదేమో కూడా. ఒకసారి గుడికెళ్లి మళ్లీ అడగాలనుకున్నాడు, ఏ రోజైతే ఆ రోజే.

ఇద్దరి మధ్యా గట్టు మీద పానా ఉంది. పాండురంగం దాన్ని తీసి సత్తియ్య ఒడిలో పెట్టాడు.

"పోటు తీశాక షట్టరెత్తాలి కదా. ఇంక నీ దగ్గరే ఉంచు. తొమ్మిదేళ్లయింది."

సత్తియ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, పట్టు దగ్గర అరిగిన చోట బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత ఎండకేసి చూశాడు.

"సాయంత్రానికిచ్చేత్తానన్నారు కదండీ" అన్నాడు. "ఇంకా పదే అయింది."

పానా భుజాన వేసుకుని గట్టు వెంట నడుచుకుంటూ వెళ్లిపోయాడు. పాండురంగం తలెత్తి, అతను మలుపు తిరిగే దాకా చూశాడు.